గుసగుసలు పట్టే మిషను

రెండువేల తొమ్మిదో సంవత్సరం, చలికాలం. ఆ ఏడు వానలు తొందరగా వెనక్కి తగ్గాయి. గాలి పొడిబారిపోయింది. గాలి పొడిగా ఉంటే తివాచీలు ఎక్కువ మాట్లాడతాయి. అందుకే ఊడ్చేవాళ్లకు చలికాలమంటే చికాకు.

దుమ్మత్త, ఆమె కోడలు రోజూ తెల్లారీతెల్లారకముందే ఆ ఆఫీసుల భవనంలో పనిలోకి దిగేవాళ్లు. ఉద్యోగులు వచ్చేలోపు అంతస్తులన్నీ అయిపోవాలి. అత్త వాక్యూమ్ మిషను తోసేది. కోడలు బల్లలు తుడిచి, చెత్తబుట్టలు ఖాళీ చేసి, వైరు కాళ్లకు చుట్టుకోకుండా వెనకాల సర్దుతూ వచ్చేది. దుమ్మత్త అసలు పేరేమిటో భవనంలో ఎవరికీ తెలియదు. లిఫ్టు దగ్గర కూర్చునే వాచ్‌మన్ ఒకసారి సరదాకి ఆ పేరు పెట్టాడు, అది అతుక్కుపోయింది. ఆమెకు కోపం రాలేదు. దుమ్ముకైనా ఒక అత్త ఉండాలి కదా, లేకపోతే మాట వినదు అంది.

గదిలో ఆడిన మాట కొన్ని నెలలకు దుమ్ములోకి దిగుతుంది. దుమ్మును కదిపితే మాట లేస్తుంది. చీపురు పట్టినవాళ్లందరికీ ఇది తెలిసిందే. రెండో అంతస్తులో బీమా ఆఫీసు. అక్కడ మిషను తోస్తుంటే సంచి లోపల "ఇక్కడో సంతకం, ఇక్కడ కూడా" అని గొణుగుతూ ఉండేది. మూడో అంతస్తులో ఒక గుమాస్తా బల్ల కిందనుంచి ఎప్పుడూ ఒకటే మాట వచ్చేది: "ఆయన సీట్లో లేరండీ." సీట్లో లేని ఆ ఆయన ఆ గుమాస్తాయేనని కోడలికి తెలుసు, పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వకూడదనీ, మన చెవులు గుమ్మం బయట విడిచి లోపలికి రావాలనీ దుమ్మత్త మందలించేది.

నాలుగో అంతస్తులో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ ఉండేది. అసలు గొడవ అక్కడ వచ్చింది.

వాళ్ల పాత మిషను మూసేసిన హోటల్లోంచి కొన్నది. దాని గుడ్డ సంచికి ఎన్ని కుట్లు పడ్డాయో చెప్పలేం. ఓ రోజు పొద్దున ఆలస్యమై, నాలుగో అంతస్తు ముగించి, కింద లిఫ్టు ముందు తోస్తుండగా మిషను వెనక గాలి వచ్చే చోటునుంచి ఒక మగగొంతు మెల్లగా పలికింది: "మా నాన్న పోయినరోజు నాకు ఏడుపు రాలేదు డాక్టరుగారూ. హాయిగా అనిపించింది."

ఆ మాట అన్నాయన అక్కడే లిఫ్టు కోసం నిలబడి ఉన్నాడు. తన గొంతు తనే విన్నాడు. వాచ్‌మన్ కూడా విన్నాడు. ఆయన లిఫ్టు ఎక్కకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

డాక్టరమ్మ ఇద్దరినీ పిలిపించింది. కేకలేసి ఉంటే బాగుండేది, వెయ్యలేదు. ఇక్కడికి వచ్చేవాళ్లు కట్టుకున్నవాళ్లతో కూడా అననివి నాతో అంటారు, అవి గదిలోంచి బయటికి పోతే నేను తలుపులు మూసుకోవాల్సిందే అంది. సోమవారం పొద్దునకు ఒక్క మాట కూడా కారని మిషను తెస్తే సరే, లేకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటానంది. నాలుగో అంతస్తు పోతే భవనమంతా పోయినట్టే. ఎవరో ఒకరికే మొత్తం పని ఇవ్వడం అక్కడి పద్ధతి. వాళ్ల ఇల్లు నడిచేది ఆ పని మీదే. దుమ్మత్త కొడుకు తోలే వ్యాను రోడ్డు మీద కన్నా మెకానిక్కు దగ్గరే ఎక్కువ ఉండేది.

ఆ సాయంత్రమే అత్తాకోడళ్లు మిషన్ల షాపుకు వెళ్లారు. నిలబెట్టి తోసే వాక్యూములన్నీ గోడవారగా వరసలో ఉన్నాయి. షాపతను ఉత్సాహవంతుడు, ఒక్కోదాన్ని సొంత బిడ్డలా పొగిడాడు. దుమ్మత్త ఆ పొగడ్తలు ఒక చెవిన వేసుకుంటూ, మిషన్లను చంటిపిల్లల్లా బోర్లా తిప్పి చూసింది. కింద తిరిగే బ్రష్షు ఊడదీసి మళ్లీ బిగించింది. బెల్టు అరిగితే దొరుకుతుందా, ఎక్కడ దొరుకుతుంది అని అడిగింది. వైరు మధ్యలో తెగదు, మిషను ఒంట్లోకి దూరే చోటే తెగుతుంది, అందుకని అక్కడ వేలితో వంచి చూసింది. చక్రాలు ప్లాస్టిక్కా రబ్బరా అని గోటితో గీకింది. ఓ మిషను పిడి పట్టుకుని ఊపితే కిర్రుమంది. దాన్ని పక్కకు నెట్టేసింది.

షాపతను చూసి చూసి, "మిషను కొంటున్నారా అమ్మా, సంబంధం చూస్తున్నారా?" అన్నాడు.

"సంబంధమైతే ఇంత చూడను నాయనా. దీన్ని చూసిన పూటే ఖాయం చేసుకున్నాను" అని కోడలివైపు చూపించింది.

"ఈవిడ చూడలేదని కాదు. నేనూ చూసుకోలేదు, అదీ వచ్చిన చిక్కు" అంది కోడలు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి తేలికది. సంచి ఉండదు, పోగైన దుమ్ము పైకి కనపడే గిన్నె ఉంటుంది, చిటికెన వేలితో తోసినా పరిగెడుతుంది. రెండోది బరువుది. అడుగున లోహం పలక, లోపల మందపాటి కాగితం సంచి, దాని వెనక ఒకదాని మీద ఒకటి ఫిల్టర్లు. దుమ్మత్త కుడి భుజం అప్పటికే సరిగా లేవడం లేదు, తేలికదైతే ఆ భుజానికి సుఖం. ఆమెకూ మనసు దానిమీదే ఉంది.

గుసగుసలు ఆపేది ఈ రెండింటిలో ఏది అని అడిగింది. షాపతను మొదటిసారి తగ్గి మాట్లాడాడు. అరుపులకు, మామూలు మాటలకు అయితే రెండు మిషన్లకూ తను పూచీ అన్నాడు. అరుపు ముతక దుమ్ము, ఏ సంచిలోనైనా ఆగుతుంది. గుసగుస సన్నం. పొగకన్నా సన్నం. దాన్ని ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిందే అన్నాడు. రెండూ తీసుకెళ్లి తోసి చూడండి, సోమవారం ఒకటి తిరిగి తెచ్చెయ్యండి అని వ్యానులోకి ఎక్కించాడు. చూసుకోవడానికి ఇచ్చే బరువు మిషనులో ఒకే సంచి వస్తుంది, అదే జాగ్రత్తగా వాడుకోండి అన్నాడు.

తెచ్చారు సరే, దేనిమీద తోసి చూడాలి? నాలుగో అంతస్తులో చూద్దామంటే అక్కడ మళ్లీ కారితే సోమవారం దాకా కూడా ఆగరు. మిగతా ఆఫీసుల్లో గుసగుసలే లేవు, అందరూ ఫోన్లలో అరిచేవాళ్లే. కోడలు ఒక పాత చాప తెచ్చి, ఇద్దరం కూర్చుని దీనిమీద గుసగుసలాడదాం అంది. ఇవాళ అన్న మాట ఇవాళే దుమ్ములోకి దిగదు అంది అత్త.

తర్వాత దుమ్మత్త లేచి లోపలి గది తలుపు తీసింది.

ఆమె భర్త లారీ డ్రైవరు. పెద్ద గొంతు మనిషి. వీధి చివర మాట్లాడితే వంటింట్లో వినపడేది. చివరి ఏడాది జబ్బు గొంతులో చేరి ఆ గొంతును తినేసింది, గుసగుసే మిగిలింది. ఆయన మంచం మీద, ఆమె మంచం పక్కన తివాచీ మీద పడుకునేవాళ్లు. ఆయన పోయాక ఆ మంచం తీసేశారు గానీ, తివాచీని ఎవరూ తొక్కలేదు, దులపలేదు. భవనమంతా ఊడ్చే మనిషి ఆ ఒక్క గదినీ ఊడవలేదు.

కోడలికి అర్థమైంది. "అది వద్దత్తయ్యా" అంది.

"ఇంకెక్కడుందో చెప్పు. అక్కడికే పోదాం" అంది దుమ్మత్త.

తివాచీ మధ్యలో ఒక తాడు పరిచి రెండు భాగాలు చేశారు. కిటికీ వైపు సగం తేలిక మిషనుకు, గోడ వైపు సగం బరువు మిషనుకు. దుమ్మత్త తేలికదాన్ని పెట్టి తోయడం మొదలుపెట్టింది. నిజంగానే అది చేతిలో ఉన్నట్టే లేదు.

రెండు మూరలు తోసిందో లేదో, వెనకనుంచి వెచ్చటి గాలితోపాటు ఆయన వచ్చాడు. నీళ్లు అన్నాడు. దిండు కాస్త పైకి అన్నాడు. కిటికీ వెయ్యి, దోమలు అన్నాడు. ఇవన్నీ ఆమె విన్నవే. అప్పుడు లేచి ఇచ్చినవే, సర్దినవే. కోడలు స్విచ్చు దగ్గర నిలబడి, ఆపమంటారా అన్నట్టు చూసింది. అత్త ఆపమనలేదు.

తాడు దగ్గర పడేకొద్దీ ఆమె విననివి మొదలయ్యాయి. ఆమె నిద్రపోయాక ఆయన అన్న మాటలు అవి.

"పడుకున్నావా? పోనీలే, పడుకో. నువ్వు పడుకుంటేనే నాకు మాట్లాడడం తేలిక." కాసేపు వట్టి గాలి. "లారీ అమ్మేసినరోజు నువ్వు ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది." మళ్లీ గాలి. "ఇదిగో, ఒకటి చెప్తాను. నేను పోయాక నువ్వు మాత్రం"

అక్కడికి తాడు వచ్చింది.

ఫ్యాను గాలికి పొడుగు మాటలు తివాచీ మీద అడ్డంగా పరుచుకుంటాయి. మిగతా సగం గోడవైపు ఉంది. అప్పటిదాకా వచ్చిన మాటలు గదిలో ఓసారి తిరిగి, తెరిచిన కిటికీలోంచి వెళ్లిపోయాయి. ఒకసారి లేచిన మాట మళ్లీ దుమ్ములోకి దిగదు.

తేలిక మిషను పనికిరాదని తేలిపోయింది. కోడలు స్విచ్చు ఆపి దగ్గరికొచ్చింది. ఈ కారేదాంతోనే అటువైపు కూడా తోసేద్దాం, మామయ్య ఏమన్నారో పూర్తిగా వినండి, బరువుదాని సంగతి తర్వాత చూసుకుందాం అంది.

"దేనిమీద చూస్తావు తర్వాత?"

బరువుదాన్ని ఒక మూల మీద తోసి చూస్తే చాలదా అంది కోడలు.

"కొత్తలో ఏ మిషనైనా బుద్ధిగానే ఉంటుందే. కడుపులో కాస్త పడ్డాకే దాని గుణం బయటపడేది. ఆ సగమంతా కావాలి."

"అది కారకపోతే మీకు ఆ మాట వినపడదు కదా."

"కారితే మనకు సోమవారం పని ఉండదు కదా" అంది దుమ్మత్త. అని వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది. వచ్చాక, నువ్వు తొయ్యి, నేను వింటాను అంది.

కోడలు బరువు మిషను తోసింది. దుమ్మత్త మోకాళ్ల మీద కూర్చుని, గాలి వచ్చే చోట చెవి ఆనించి, మిషనుతోపాటే పాకుతూ ముందుకూ వెనక్కూ జరిగింది. కోడలు అవసరానికి మించి మెల్లగా తోసింది. తాడు దాటేచోట మరీ మెల్లగా తోసింది. లోపల ఏదో చేరుతున్న సంగతి సంచి బరువులో తెలుస్తోంది. చెవికి మోటారు రొద తప్ప ఏమీ లేదు. వెచ్చటి గాలి, అంతే. కారితే ఉద్యోగం పోతుంది, కారకపోతే మాట పోతుంది. ఏది జరగాలని కోరుకుంటున్నదో ఆమె ముఖం చూస్తే కోడలికి తెలియలేదు.

గోడదాకా వెళ్లాక, "ఇంకోసారి" అంది అత్త. కోడలు ఇంకోసారి తోసింది. ఏమీ రాలేదు.

దుమ్మత్త గోడ పట్టుకుని లేచింది. చీర కుచ్చిళ్లకు అంటిన నూలుపోగులు దులుపుకుంది.

"ఇదే. ఇదే కొందాం" అంది.

సోమవారం పొద్దున వ్యానులో మిషను ఎక్కిస్తుంటే కోడలు అడ్డం నిలబడింది. మిషనులో ఉన్నది ఆ ఒక్క సంచే, షాపు తెరిచాక కొత్త సంచి తెచ్చి మధ్యాహ్నం వెళ్దాం, ఇది ఇంట్లోనే ఉంచుకుందాం అంది. దుమ్మత్త ఒప్పుకోలేదు. సంచి చింపితే మాటలన్నీ ఒక్కసారే లేస్తాయి, బస్టాండులో జనంలా. అందులో ఏది మొదలో ఏది చివరో ఎవరు పట్టుకుంటారు అంది. డాక్టరమ్మ పొద్దునకు అంది కాబట్టి పొద్దునే వెళ్లాలి అంది. కోడలు ఇంకేదో అనబోతే, అత్త వ్యానెక్కి కూర్చుంది.

డాక్టరమ్మ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. కోడలు ఆ గదంతా, సోఫాల కింద, రోగులు కూర్చునే కుర్చీ చుట్టూ తోసింది. డాక్టరమ్మ వంగి చెవి పెట్టింది. చాలాసేపు విన్నది. తర్వాత నిటారుగా నిలబడి, రేపటినుంచి మామూలుగా రండి అంది. ఒక్క షరతు మాత్రం పెట్టింది. తన గదిలో వాడిన సంచి ఏ రోజుదారోజు, తను చూస్తుండగా, కింద బాయిలర్ పొయ్యిలో వేసెయ్యాలి. ఆ షరతు ఆ పొద్దునే మొదలైంది. కోడలు సంచి తీసి మూతి మూసింది గానీ చేతులు ముందుకు రాలేదు. దుమ్మత్త అందుకుని, కిందికి దిగి, తనే పొయ్యిలో వేసింది. డాక్టరమ్మకు అది మామూలు సంచే, చూసి పైకి వెళ్లిపోయింది.

భవనం వాళ్లకే ఉండిపోయింది. భుజం పూర్తిగా మొరాయించాక అత్త ఇంట్లో కూర్చుంది, పని కోడలి పేరు మీదికి మారింది. తర్వాత పక్క భవనం కూడా వచ్చింది. బరువు మిషనుకు బెల్టులు మార్చారు, బ్రష్షులు మార్చారు, వైరు మొదట్లో తెగితే కత్తిరించి మళ్లీ కలిపారు. మిషను మాత్రం అదే. నాలుగో అంతస్తులోంచి ఆ తర్వాత ఒక్క మాటా బయటికి రాలేదు.

"నేను పోయాక నువ్వు మాత్రం" అని మొదలుపెట్టి ఆయన ఏం చెయ్యమన్నాడో దుమ్మత్తకు చివరిదాకా తెలియలేదు.