ఉత్తుత్తి బోణీ

దుప్పట్ల మూటను లగేజీ ఆటోలోకి ఎక్కించేటప్పుడు షాకిర్ కింద నుంచి తోస్తాడు, అన్న అమీర్‌సాబ్ పై నుంచి లాగుతాడు. ఏళ్ళ తరబడి అదే పద్ధతి. ఆ తెల్లవారుజామున మాత్రం లాగడం మధ్యలో ఆగిపోయింది. మూట అటు ఆటోదీ కాక, ఇటు నేలదీ కాక షాకిర్ నెత్తిన కూర్చుంది.

"ఏమైందన్నా?"

"గ్యాసురా," అంటూ అమీర్‌సాబ్ అరచేత్తో రొమ్ము రుద్దుకున్నాడు. "రాత్రి మీ వదిన అలసందలు వండింది గదా. అవి లోపల సంత పెట్టినాయి."

అమీర్‌సాబ్‌కు అరవై దాటాయి. మోకాళ్ళు ముసలివయ్యాయి, పొట్ట పెద్దదయింది, గడ్డం తెల్లబడింది. గొంతు మాత్రం ముప్పై దగ్గరే ఆగిపోయింది. హిందూపురం చింతపండులోని పులుపూ, హిందూపురం బెల్లంలోని తీపీ కలిపి పాకం పట్టిన గొంతు అది. సంతలో ఆ చివర అరిస్తే ఈ చివర మేకలు తలెత్తి చూసేవి.

షాకిర్‌ను వర్ణించడం కష్టం. వర్ణనకు దొరక్కపోవడమే అతని వృత్తి. పొడుగు కాదు, పొట్టి కాదు. ఒకసారి చూసి పక్కకు తిరిగితే మరిచిపోయే ముఖం. అందులో గుర్తుండేది ఒక్కటే, చివర కాస్త కిందికి వంగిన ముక్కు. నాయన కొడుకులిద్దరికీ సమానంగా పంచి ఇచ్చిన ఆస్తి అదొక్కటే.

నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. స్పాంజి పరుపు ఆయన పాలిట ఏకై వచ్చి మేకై దిగింది. ఆయన పోయాక పెద్దకొడుకు చిన్నవాణ్ణి వెంటేసుకుని సంతల దారి పట్టాడు. ధర్మవరం వెళ్ళి మగ్గం మీద తప్పు దొర్లిన చీరలు తెచ్చాడు. అమీర్‌సాబ్ అమ్మితే ఆ తప్పే డిజైనయ్యేది. "పట్టు ఉంటే పట్టుచీర ఎవడైనా అమ్ముతాడు, లేనప్పుడు పట్టుబట్టి అమ్మాల," అనేవాడు. తర్వాత గొడుగులు తెచ్చాడు, ఆ ఏడు వాన రాలేదు. గోడగడియారాలు తెచ్చాడు, వాటికి టైము రాలేదు. చివరికి అన్నదమ్ములు దుప్పట్ల దగ్గర స్థిరపడ్డారు. అన్ని సరుకులూ మోసం చేశాయి గానీ చలి మాత్రం ఏటా మాట నిలబెట్టుకుంది.

ఇందులో షాకిర్ పని బోణీ చేయడం.

సంతలో జనం గుంపుగా నిలబడతారు గానీ ముందుగా ఎవరూ చేయి చాపరు. మొదటి చేయి పడాలి. ఆ చేయి షాకిర్‌ది. ఏదో ఊరి రైతులా గుంపులో నిలబడి, సణిగి, బేరమాడి, చివరికి మొదటి దుప్పటి కొంటాడు. దాంతో చెరువుకట్ట తెగినట్టు చేతులు వచ్చి పడతాయి. కొన్న దుప్పటి జనం పలచబడ్డాక మళ్ళీ ఆటోలోకే చేరుతుంది. నీలం నేల మీద నెమలి బొమ్మ ఉన్న దుప్పటి. ప్రతి సంతలోనూ అదే. పొద్దున అమ్ముడుపోయి సాయంత్రం ఇంటికొచ్చే దుప్పటి లోకంలో మరొకటి ఉండదు.

"సంతలో సొంతాలుండకూడదురా," అనేది అమీర్‌సాబ్ సూత్రం. అన్నదమ్ములని తెలిస్తే ఆట చెడుతుంది. అందుకని సంత ఇంకా కనుచూపు దూరంలో ఉండగానే షాకిర్ ఆటో దిగిపోవాలి, వేరే దారిలో నడిచి రావాలి, వేరే చోట టీ తాగాలి. వదిన దౌలత్‌బీ కూడా మరిదికీ మొగుడికీ వేర్వేరు క్యారియర్లు కట్టిస్తుంది. అన్నను అన్నా అనకూడదు. అలా షాకిర్ ఒక వారం రామగిరి వాడయ్యాడు, ఒక వారం పరిగి వాడయ్యాడు. ఒకసారి అగళి అని చెప్తే, గుంపులో నిజమైన అగళి మనిషి తగిలి ఎవరింటి వాడివని కన్నడంలో అడిగాడు. షాకిర్ నిలబడ్డ చోటే ఒక ఇల్లు కట్టి, దానికో తాతను పుట్టించి, ఆ తాతను పోయిన ఏడే చంపేసి బయటపడ్డాడు. ఇన్ని ఊళ్ళవాడై, ఏ ఊరికీ కాకుండా యాభై ఏళ్ళకు వచ్చాడు.

బయలుదేరే ముందు దౌలత్‌బీ మరిదిని గోడవారకు పిలిచింది. మూడు నాలుగు దినాలుగా ఇదే వరస, ఆస్పత్రికి పోదామంటే సంత సంత అంటాడు, నువ్వు చెప్తే వింటాడేమో చూడమంది. షాకిర్ తల ఊపాడు.

చెప్పాల్సిన మాట అతని దగ్గర ఇంకొకటి ఉంది. కూతురు భాను పెనుకొండ పక్కన కార్ల కంపెనీ క్యాంటీన్లో పనిచేస్తుంది. అక్కడే తోటపని ఇప్పించింది తండ్రికి. సోమవారం నుంచి రమ్మన్నారు. "జేబు మీద పేరు కుట్టిన చొక్కా ఇస్తారు నాయనా," అని చెప్పింది. జీతం ఎంతని భార్య ముంతాజ్ అడిగింది గానీ షాకిర్ అడగలేదు. అతని మనసు ఆ జేబు మీదే ఆగిపోయింది. ఎవరూ పేరు పెట్టి పిలవని పని చేసినవాడికి ఆ దారపు అక్షరాలు ఏమిటో ఎవరికి చెప్తే అర్థమవుతుంది?

సోమందేపల్లి దాకా అన్న ఆపకుండా మాట్లాడాడు. వచ్చే చలికాలానికి రగ్గులు కూడా తెద్దామన్నాడు, ధర్మవరం సంతలో ఇంకో గొంతు కావాలన్నాడు, తన గొంతుకు కూడా ఈమధ్య తుప్పు పడుతోందన్నాడు. ఆ మాట దగ్గర షాకిర్ నోరు తెరిచాడు. ఆస్పత్రి మాట ముందు చెప్పాలా, కంపెనీ మాట ముందు చెప్పాలా? ఒకటి చెప్తే రెండోది చెప్పలేడు. 'నీ ఒంట్లో బాగాలేదన్నా, నేను పోతాండా' అని ఏ నోటితో అంటాడు? తేల్చుకునేలోపు పెనుకొండ సంతకు ముందు అతను దిగే కల్వర్టు వచ్చింది.

"ఈ పొద్దు ఏ ఊరోనివిరా?" అని అడిగాడు అమీర్‌సాబ్.

"అగళి."

"తాతను మళ్ళా చంపొద్దు. పాపం, ఒకసారి పోయినోడే," అని ఆటో పోనిచ్చాడు.

పొద్దుటి ఆట ఎప్పటిలాగే రక్తి కట్టింది. అమీర్‌సాబ్ ఆటో వెనక తలుపు దించి, దాని మీద నిలబడి, పెనుకొండకొచ్చి కొనకుండా పోతే ఆ కొండే ఒప్పుకోదని మొదలుపెట్టాడు. ఈ దుప్పటి కప్పుకుంటే పెళ్ళాం తిట్లు వినపడవన్నాడు. ఆడవాళ్ళు మూతి తిప్పితే, అమ్మా, మీరు కప్పుకుంటే మొగుని గురక వినపడదన్నాడు. అగళి రైతు షాకిర్ ముందుకొచ్చి అన్ని దుడ్లు యాడ తెచ్చేదప్పా అని సణిగాడు. ధర దిగింది, ఇంకా దిగింది. ఇక అందరూ ఎదురుచూసే ఘట్టం వచ్చింది.

ధర అడుగు తాకగానే అమీర్‌సాబ్ గుండె పట్టుకుంటాడు. "ఈ ధరకిస్తే నా ప్రాణం పోతాదప్పా," అని మూట మీద కూలబడి, తల వాల్చి, కళ్ళు మూస్తాడు. జనం విరగబడి నవ్వుతారు. అప్పుడు షాకిర్ అనాలి: "నాటకాలు చాలించప్పా, లేసి దుప్పటియ్యి." ఆ మాట మీద చచ్చినవాడు ఒక కన్ను తెరుస్తాడు, దిగ్గున లేస్తాడు, నెమలి దుప్పటి గాల్లో విసురుతాడు. షాకిర్ పట్టుకుంటాడు. బోణీ.

పొద్దున అలాగే పడ్డాడు, అలాగే లేచాడు. లేవడం కాస్త ఆలస్యమైంది. జనం దాన్ని కొత్త మెరుగనుకుని ఇంకాస్త నవ్వారు.

మధ్యాహ్నం షాకిర్ సంతకు ఆ చివర గోడనీడన కూర్చుని రొట్టె తిన్నాడు. అక్కడినుంచి ఆటో కనిపిస్తోంది. అన్న క్యారియర్ మూత తీయలేదు. మూటకు వీపు ఆనించి, పళ్ళికిలించిన జిప్పు సంచీలా నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. లేచి వెళితే పట్టుమని వంద అంగలు లేవు. వెళ్ళి పక్కన కూర్చుని, లే అన్నా, డాక్టరు కాడికి పోదాం అంటే సరిపోతుంది. కానీ సంతలో సొంతం ఉండకూడదు. షాకిర్ లేచాడు, సోడాబండి దాకా నడిచాడు, అక్కడ ఆగాడు. సోడాల కుళ్ళాయప్పతో, ఆ దుప్పట్లాయనకు ఒక నిమ్మసోడా ఇచ్చి రమ్మన్నాడు.

"ఎవురిచ్చినారని చెప్పేదప్పా?" అన్నాడు కుళ్ళాయప్ప. మీసాల కింద చిన్న నవ్వు.

"ఎవురో ఒకరు."

సోడా వెళ్ళింది. అమీర్‌సాబ్ తాగాడు. ఇటు చూడలేదు. గ్లాసు మాత్రం కొంచెం పైకెత్తి దించాడు. షాకిర్‌కు ప్రాణం కుదుటపడింది. గ్యాసే అయ్యుంటుందిలే అనుకున్నాడు. ఇంటికి పోయేటప్పుడు దారిలో రెండూ చెప్పేస్తాననుకున్నాడు.

ఎండ వాలాక, ఊళ్ళకు తిరిగిపోయేవాళ్ళు చివరి బేరాలకు మూగే వేళ, రెండో ఆట మొదలైంది. పక్క పల్లె ముసలామె యశోదమ్మ ఎప్పటిలాగే ముందు వరసలో బుట్ట బోర్లించుకుని దాని మీద కూర్చుంది. ఆమె చలికాలంలో ఒక్క సంతా మానదు. కొనేది తక్కువ, నవ్వేది ఎక్కువ. షాకిర్ తలగుడ్డ మార్చుకుని, నడక మార్చుకుని ఇంకోవైపు నుంచి వచ్చి చేరాడు.

"ఏమప్పా, కొత్తగా కనిపిస్తాండావు. ఏ ఊరు నీది?" ఆటో మీద నుంచి అడిగాడు అమీర్‌సాబ్.

రామగిరి అని నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో జారి లోపలికి పోయింది.

"హిందూపురం," అన్నాడు షాకిర్. అన్ని సంతల్లోనూ అతను ఎన్నడూ చెప్పని ఊరు అదొక్కటే. "సోమారం నుంచి ఈడ కార్ల కంపెనీలో తోటపనికి పోతాండా. పొద్దున్నే చలి ఉంటాది గదా. దుప్పటి చూద్దామని వచ్చినా."

అమీర్‌సాబ్ చేయి గాల్లోనే ఆగింది. జనానికి అది బేరం మధ్యలో ఊపిరి తీసుకోవడంలా అనిపించింది.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తాంటివప్పా?"

"మా అన్న కాడ ఉంటి."

"అన్న ఏమీ అనలేదా?"

"అన్నకి ఇంకా చెప్పలేదు."

జనం నవ్వారు. అమీర్‌సాబ్ కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు గొంతులోనుంచి రాలేదు. తమ్ముణ్ణి చూశాడు. సంతలో అతను తమ్ముడి కళ్ళలోకి చూడడం అదే మొదలు.

"అన్నలంతా అంతేలేప్పా. అరిచేదానికి పుట్టినారు, వినేదానికి కాదు." నెమలి దుప్పటి చేతిలోకి తీసుకున్నాడు. ధర చెప్పలేదు. దించలేదు. "ఇంద. దీనికి దుడ్లొద్దు. మీ అన్న ఇచ్చినాడనుకో. చలిలో పోయేటప్పుడు కప్పుకో."

విసిరాడు. షాకిర్ పట్టుకున్నాడు. గుంపులో గుసగుసలు లేచాయి. ఊరికే ఇవ్వడం ఆటలో ఎప్పుడూ లేదు. అప్పుడు అమీర్‌సాబ్ చేయి గుండె మీదికి పోయింది. మెల్లగా మూట మీద కూర్చున్నాడు. తల వాల్చాడు, కళ్ళు మూశాడు.

జనం విరగబడి నవ్వారు. షాకిర్ గుండె దూదిపింజంత తేలికైంది. చెప్పేశాడు, అన్న విన్నాడు, సరే అన్నాడు. పక్కకు పోయిన ఆటను అన్న మళ్ళీ గాడిలో పెడుతున్నాడని, తన మాట కోసం ఆగాడని అనుకున్నాడు. ఎన్నడూ అననంత గట్టిగా, ఎన్నడూ లేనంత సంతోషంగా అన్నాడు:

"నాటకాలు చాలించప్పా, లేసి దుప్పటియ్యి."

దుప్పటి తన చేతుల్లోనే ఉన్న సంగతి కూడా మరిచిపోయాడు. దానికి జనం ఇంకా నవ్వారు.

ఒక కన్ను తెరుచుకోవాలి. అందరూ దానికోసమే చూస్తున్నారు. నెత్తి మీది టోపీ జారి మూట మీద పడింది, మూట మీంచి నేల మీద పడింది. అది కూడా ఆటేననుకున్నారు. నవ్వు అలల్లా వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చింది. ముందుగా నవ్వు ఆపింది యశోదమ్మ.

"అన్నా," అన్నాడు షాకిర్.

ఆ మాట సంతలో తన గొంతుతో ఎలా ఉంటుందో అతనికే తెలియదు. ఇంకోసారి అన్నాడు. గుంపును తోసుకుంటూ ఆటో ఎక్కాడు.

ఆటో కుళ్ళాయప్ప తోలాడు. వెనక మూటల మధ్య అన్న తలను ఒళ్ళో పెట్టుకుని, నెమలి దుప్పటి కప్పి షాకిర్ కూర్చున్నాడు. యశోదమ్మ ఎవరూ పిలవకుండానే ఎక్కి పాదాలు పట్టుకుని రుద్దుతూ ఉంది. ఆస్పత్రిలో డాక్టరు చూసి, దారిలో కాదు, అక్కడే అయిపోయిందన్నాడు. పొద్దున తెచ్చుంటే అని ఏదో అనబోయి, షాకిర్ ముఖం చూసి ఆగిపోయాడు.

వరండాలో షాకిర్ ముసలామె పక్కన కూలబడ్డాడు. దొంగతనం ఒప్పుకున్నట్టు అన్నాడు: "ఆయప్ప మా అన్న, అవ్వా."

"తెలుసులే నాయనా. ఆ ముక్కు చూస్తే కండ్లు లేనోళ్ళకి గూడా తెలుస్తాది. సంతలో అందరికీ ఎరికే. నువ్వు వారానికొక ఊరు చెప్తాంటే మేము నవ్వుకుంటాంటిమి."

"మల్ల ఎందుకు కొంటాంటిరి?"

"చలేస్తాది గదా," అంది యశోదమ్మ. "ఆయప్ప కూర్చున్నప్పుడు గూడా ఆటే అనుకుంటిమి నాయనా."

ఎవరినీ మోసం చేయని మోసం కోసం ఇన్నేళ్ళు అన్నను పరాయివాణ్ణి చేశాడు. ఏ సంతలోనైనా, ఏ మధ్యాహ్నమైనా పక్కన కూర్చుని ఒకే క్యారియర్లో తినగలిగేవాడు. ఈ మధ్యాహ్నం కూడా. సోడా పంపిన చోటికి తనే పోగలిగేవాడు.

మరునాడు హిందూపురంలో మట్టి వేశారు. కంపెనీ వాళ్ళు ఒక వారం గడువిచ్చారు. దౌలత్‌బీ వద్దనలేదు, పొమ్మనీ అనలేదు; ఎప్పటిలాగే మరిదికి క్యారియర్ కట్టింది, ఒక్కటే. దుప్పట్ల మూటలను సంతలో సామాన్లమ్మే పోతులయ్య వచ్చి తీసుకుపోయాడు. ఆటో అడుగున మిగిలిన ఆ ఒక్కటీ ఇవ్వవా అని అడిగితే, అది సరుకు కాదన్నాడు షాకిర్. జేబు మీద పేరున్న చొక్కా వేసుకుని, తెల్లవారకముందే చలిలో కంపెనీ బస్సు కోసం నడిచి వెళ్ళాడు. కప్పుకోమని ఇచ్చినదాన్ని కప్పుకోవడానికి చేతులు రాలేదు.

ఇంటి ముందు నిలిచిపోయిన ఆటోలో, విసిరి పట్టిన మూల నూలు తేలిన నీలం దుప్పటి, నెమలి పైకి కనిపించేలా మడిచి, ఇంకా ఎవరో వచ్చి బోణీ చేస్తారన్నట్టు ఉంది.