ఈస్టరు పీపా

ఫింటన్ రోష్ ఒక బూటు తాడు బిగించి, రెండోది అలాగే వదిలేసి, భార్య ఇచ్చిన టీ గడగడా తాగేశాడు.

“ఎలా ఉంది?” అంది డింఫ్నా.

“బాగుంది.”

“చక్కెర బదులు ఉప్పేశాను. కావాలనే.”

ఫింటన్ ఖాళీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. చలికాలంలో వచ్చిన జ్వరంతో నాలుక చచ్చిపోయిందని ఆయన ఎవరికీ చెప్పలేదు.

“ఇవాళ ఈస్టరు బీరు పీపా రుచి చూడమంటారు నిన్ను. ఊళ్ళో మగాళ్ళంతా పండగ ముందు తపస్సుకాలం పొడుగునా నోరు కట్టుకుని ఆ మొదటి గ్లాసు కోసం చూస్తున్నారు. నీ మాట నమ్మి తాగుతారు.”

“చెప్తే నాకింక అక్కడ పనేముంటుందే?”

ఆమె రొట్టెకు వెన్న రాసి గుడ్డలో కట్టి ఇచ్చింది.

నది ఒడ్డున బీరు కార్ఖానాలో పొద్దుటంతా ఆయన పీపాలు కడిగాడు. ఆవిరికి ఎర్రబారిన ముంజేతులు, బార్లీ దుమ్ము పట్టిన కనుబొమలు. నల్లగా వేయించిన బార్లీ ఒక చేటెడు ఎక్కువైతే ఎర్ర బీరు నల్లబడిపోతుంది, తక్కువైతే పాలిపోతుంది. ఇన్నేళ్ళుగా ఆ కొలత ఆయన చేతిదే.

మధ్యాహ్నం, తోటి పనివాడు మాలకీ ఈస్టరు పీపా తెరిచి గ్లాసు నింపాడు. ఫింటన్ దాన్ని కిటికీ వెలుగుకు పట్టాడు. మాగిన ఎరుపు, పైన మీగడరంగు నురగ. ఒక గుక్క తాగాడు. చల్లగా, నీళ్ళలా దిగిపోయింది.

మాలకీ సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. “బాగుందని పీపా మీద గుర్తు పెట్టెయ్యనా?”

తలూపితే చాలు. ఫింటన్ మెడ సగం వంగింది. అంతలో గ్లాసు ముందుకు చాచాడు.

“నువ్వు తాగి చెప్పు.”

“నేనా? ఒరేయ్, దేవుడికి మాటిచ్చి ఇన్ని వారాలు చుక్క ముట్టలేదు. పండగ ముంగిట్లో నన్ను నరకానికి తోస్తావా?”

“నాకు రుచి తెలియడం లేదు మాలకీ. జ్వరమొచ్చిన దగ్గర్నుంచీ.”

మాలకీ ఆయన ముఖంలోకి చూశాడు. సిలువ గుర్తు వేసుకుని, గ్లాసందుకుని, కళ్ళు మూసుకున్నాడు.

“ముందు పాకం తీపి. చేదు పెద్దగా లేదు. మింగాక, రొట్టె అంచు మాడితే ఉంటుందే, ఆ పొడి రుచి.” మళ్ళీ తాగాడు. “బాగుందిరా. అచ్చం నీదే.”

చాన్నాళ్ళుగా చూడని మనిషి క్షేమం వింటున్నట్టు ఫింటన్ తలవంచుకుని విన్నాడు.

“రెండో గుక్క కూడా పరీక్షకేనా?”

“నరకానికెళ్ళేవాణ్ణి, దాహంతో వెళ్ళమంటావా?” అని మాలకీ గొంతు తగ్గించాడు. “కార్ఖానా దొరకి చెప్పకు. నువ్వు రంగు చూడు, నేను రుచి చూస్తా.”

“ఈసారి బాగుంది. పులిసిపోయినా ఇలాగే తలూపేవాణ్ణి. ఇందాక ఊపబోయాను కూడా.”

ఫింటన్ మెట్లెక్కి దొర గదిలోకి వెళ్ళాడు. నిజం చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. దిగివచ్చి, ఆప్రాను విప్పేసి, మాలకీ భుజం తట్టి, నది పక్క బాటలో ఇంటివైపు నడిచాడు. ఆ వేళప్పుడు ఆ బాట మీద ఎండ పడుతుందని ఆయనకు అంతవరకూ తెలియదు.

కార్ఖానాలో గోడమేకుకు ఆయన తోలు ఆప్రాను వేలాడుతూ ఉంది, మనిషి లేకపోయినా నడుము దగ్గర ఆయన వంపు అలాగే నిలుపుకుని.