కాలం మిగిల్చిన మచ్చ

మ్యూజియం కట్టినవాళ్ళూ, కాలేజీ నడిపేవాళ్ళూ వినండి, ఈ తప్పు మీదే. చచ్చిపోయిన ఆడవాళ్ళ రవికలకు చల్లని గదులిచ్చారు. బతికున్న బాలింతకు మరుగుదొడ్డి చూపించారు.

జావాలోని సెమరాంగ్ ఊళ్ళో బట్టల డిజైను చదువుతున్న వెనింగ్‌కు ఐదు నెలల కూతురుంది. ఆ రోజు క్లాసంతా ఫ్యాషన్ మ్యూజియానికి వెళ్ళి, నచ్చిన బట్ట ముందు కూర్చుని బొమ్మ గీసివ్వాలి. మధ్యలో లేచిపోతే ఆ పరీక్ష పోయినట్టే, పరీక్ష పోతే ఏడాది పోయినట్టే. పొద్దున ఆమె పాలు పిండి సీసాలో పోస్తుంటే అత్తగారు పక్కనే నిలబడి, ఆవైనా దూడను చూస్తేనే చేపుతుంది, నువ్వు సీసాను చూసి చేపుతున్నావు అంది. మొగుడు హర్యో మంచివాడని అందరూ అంటారు. ఆ మంచివాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, చదువెక్కడికి పోతుంది, పిల్ల పెద్దదయ్యాక చూసుకోవచ్చుగా అన్నాడు. పిల్ల పుట్టినా నీ ఉద్యోగం ఒక్క పూట ఆగలేదేం అని అడగబోయింది. బస్సుకు వేళయింది. మాట మింగేసింది. ఇలా మింగినవన్నీ కక్కితే ఆ ఇల్లు పట్టదు.

మ్యూజియంలో తియుర్ ఆమెను తెల్ల కెబాయా రవిక దగ్గరికి లాక్కుపోయింది. తియుర్ ఆమె స్నేహితురాలు, బాటక్ తెగ పిల్ల. గొంతు తగ్గించి మాట్లాడటం మీ జావా వాళ్ళ జబ్బు అంటూ ఉంటుంది. కెబాయాకు గుండీలుండవు, ముందువైపు మూడు పిన్నులు. పిన్నులు అందం కోసం అని గైడమ్మ చెప్పుకుపోతోంది. వెనింగ్ అమ్మమ్మ ఇలాంటిదే వేసుకుని, ఒక పిన్ను తీసి, సంతలో కూరలమ్ముతూనే ఆరుగురికి పాలిచ్చింది. అద్దం వెనక కెబాయా మీద, గుండెల దగ్గర రెండు పసుప్పచ్చని చక్రాలు. కింద కార్డు మీద ‘కాలం మిగిల్చిన మచ్చ’ అని రాసుంది.

ఆ కెబాయాను గీస్తూ గీస్తూ ఉండగానే వెనింగ్ రొమ్ములు రాళ్ళయ్యాయి. మెట్ల దగ్గర ఎవరి బిడ్డో ఏడ్చింది. అంతే, పాలు చేపుకొచ్చి కాలేజీ చొక్కా మీద రెండు తడి చక్రాలు పడ్డాయి. గైడమ్మ శాలువా పట్టుకుని పరుగున వచ్చింది.

“మరుగుదొడ్డి అటుంది తల్లీ. ఇలా కూర్చుంటే చూసేవాళ్ళకి బాగోదు.”

పిల్లలంతా బు, అంటే అమ్మగారూ, అని పిలిచే టీచరు రత్రి వాచీ చూసుకుంది. లేచి వెళితే మార్కుల్లేవనీ, రూలు అందరికీ ఒకటేననీ చెప్పింది.

“అందరికీ కారట్లేదు కదా బు,” అంది తియుర్.

వెనింగ్ అద్దం వైపు వేలు చూపించింది. “ఈ మచ్చ ఏంటో మీకు నిజంగా తెలీదా?”

గైడమ్మ గొంతు తగ్గించింది. “తెలుసు తల్లీ. ఈ కెబాయా ఇచ్చినావిడ మనవరాలే చెప్పింది, పాల మచ్చని. బడిపిల్లలొచ్చే చోట అలాంటి మాట ఎలా రాస్తాం?”

తెలుసట. తెలిసే దాచారట. వెనింగ్‌కు ఒళ్ళు మండిపోయింది. చుట్టాలొస్తే పాల సీసాలను ఫ్రిజ్‌లో కూరల వెనక్కి తోసే అత్తగారు, ఆ తడిగుడ్డలు వీధివైపు ఆరెయ్యకు అనే హర్యో, మరక కనబడకూడదని రోజూ తెల్లారకముందే చొక్కా ఉతుక్కునే తనూ, అందరూ ఈ కార్డే రాస్తున్నారు. పిల్ల ఒళ్ళు పెరుగుతున్నది ఈ పాలతో. సిగ్గు ఎవరికి? ఎందుకు? తాగిన బిడ్డకు లేదు, కన్న తల్లికి అంటగట్టారు.

“నేను ఎక్కడికీ పోను బు. పిండుకుంటూనే గీస్తాను.”

సంచిలోంచి సీసా తీసి, నేలమీద గోడకు ఆనుకుని కూర్చుంది. శాలువా కప్పుకుని గుండీ విప్పి, సీసాను ఒళ్ళో నిలబెట్టుకుంది. ఎడంచేత్తో పిండుతూ కుడిచేత్తో గీసింది. తియుర్ ఆమె ముందు గోడలా నిలబడి, ఆగి చూసేవాళ్ళను తోలింది. “మీ టిక్కెట్టు అద్దంలో ఉన్నవాటికి. దీనికి కాదు, నడవండి.”

బొమ్మలో చక్రాలు రెండూ అన్నిటికంటే ముదురుగా దిద్దింది. టీచరు చెయ్యి చాపితే కాగితం ఇచ్చి, లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది.

“ఆ కార్డు ఇవాళే తీసెయ్యండి. పాల మచ్చ అని రాయండి. ఇక్కడొకటి, కాలేజీలో ఒకటి, లోపల గడియ పడే గది ఇవ్వండి. అందులో కుర్చీ వెయ్యండి, నీళ్ళు పెట్టండి. రేపు పొద్దున క్లాసుకొస్తాను. గది లేదన్నారో, మీ ఎదురుగా నా బల్ల దగ్గరే పిండుతాను.”