చైత్రంలో దిగువ ఊట

"సంతకం ఎట్టీసి బేగొచ్చీ. మల్లీ అన్నానికి ఆలీసం అయిపోద్ది," అంటూ బుధు జేబులోంచి పెన్ను తీసి పెళ్ళాం సోని చేతిలో పెట్టాడు.

సోని అప్పుడే దిగువ ఊట నుంచి మూడో బిందె మోసుకొచ్చి గుమ్మంలో దించింది. కొంగుకి చెయ్యి తుడుచుకుని పెన్ను అందుకుంది. పది నెలల పాప చంకలోంచి వంగి దాన్ని నోట్లో పెట్టుకోబోయింది. సోని చటుక్కున లాగేసింది. ఈ మధ్య పాప నోట్లోకి ఏది పోబోయినా ఆమె అలాగే లాగేస్తోంది.

సర్కారు కొత్త చట్టం తెచ్చిందట. ఊరి నీళ్ళు, ఊరి మురుగు ఇకమీదట ఊరి కమిటీయే చూసుకోవాలి. కమిటీలో సగంమంది ఆడవాళ్ళుండాలి. వాళ్ళ సంతకాలు లేని తీర్మానం చెల్లదు. ఆ మాట వినగానే మగవాళ్ళు ఆడవాళ్ళ కోసం వెతుక్కున్నారు. అయిదుగురిని రాశారు. నలుగురివి వేలిముద్రలు, అత్త సోములమ్మది కూడా. సోనికి మాత్రం సంతకం వచ్చు. అరకు దగ్గరి ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి సగం దాకా చదివింది. తల్లి మంచాన పడ్డప్పుడు తండ్రి వచ్చి, "ఇంట్లో నీళ్ళెవులు మోత్తారు?" అని తీసుకొచ్చేశాడు. పుస్తకాలు బడిలోనే ఉండిపోయాయి. అప్పుడు నెత్తికెక్కిన బిందె అత్తవారింటికి వచ్చినా దిగలేదు.

బడి వరండాలో మీటింగు. మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు కింద. ఊరికి కుళాయిలు వేయించే ఇంజనీరు తీర్మానం కాగితం సంతకాల కోసం ముందుకి జరిపాడు. చదవడం వచ్చినవాళ్ళకి చదవకుండా ఉండడం రాదు. సోని చదివింది. పైపు దిగువ ఊట నుంచి వేస్తారట. భాద్రపదంలో ఇంజనీరు వచ్చి ఊట కింద బకెట్టు పెట్టి, గడియారం చూసుకుని, ఎంతసేపట్లో నిండిందో లెక్క రాసుకున్నాడు. వానలు దంచుతున్న ఆ రోజుల్లో రాయికి చెయ్యానించినా నీళ్ళు కారతాయి.

ఆమె కళ్ళ ముందుకి పోయిన చైత్రం వచ్చింది. ఇటుకల పండగ, ఏటా వచ్చే వేట పండగ. మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని వేటకి అడవికెళ్ళిపోయారు. దిగువ ఊటలో తడి మట్టి తప్ప ఏమీ లేదు. పై ఊటకి పోవాలంటే కొండెక్కి దిగేసరికి సగం పూట అయిపోతుంది. ఆ వేళ సోనికి జ్వరం. కొండెక్కలేక కింద గెడ్డవాగులో చెలమ తీసి నీళ్ళు తెచ్చింది. ఎండకి నాలుగు నెలల పాప నాలిక చప్పరిస్తుంటే ఆ నీళ్ళే నాలుగు చెంచాలు పట్టింది. ఆ నాలుగు చెంచాలనీ ఇప్పటికీ లెక్కపెట్టుకుంటూనే ఉంది. తెల్లారేసరికి పాప వాంతులు, విరేచనాలతో తోటకూర కాడలా వేలాడిపోయింది. అత్త సోములమ్మ పాపని గుడ్డలో కట్టుకుని కొండ దిగి ఆస్పత్రికి పరుగెత్తింది. నాలుగో రోజున వేటగాళ్ళు వట్టి చేతులతో తిరిగొచ్చారు. ఆచారం ప్రకారం ఆడవాళ్ళు నవ్వుతూ వాళ్ళ మీద పేడనీళ్ళు చల్లారు. పేడలో కలపడానికి ఆ నీళ్ళు కూడా మోసుకొచ్చింది ఆడవాళ్ళే. తలలోంచి పేడ కారుతుండగానే బుధు సంగతంతా విని, "నీల్లు కాసి పట్టలేకపోనావా?" అన్నాడు. ఆ మాట కోపంతో అన్నది కాదు, పాప మీద బెంగతో అన్నదే. అందుకే మరీ లోపలికి దిగిపోయింది.

"ఎట్టమ్మా, సంతకం ఎట్టు. మిగిల్ది మేం సూసుకుంటాం," అన్నాడు కమిటీ పెద్ద సోంబరు.

"దిగువ ఊట సైత్రానికి ఎండిపోద్ది, తాతా," అంది సోని.

బెంచీల మీద నవ్వులు లేచాయి. సోంబరు నవ్వలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎండడమేటే గుంటా? అరవయ్యేల్లొచ్చినాయి నాకు. ఆ ఊట ఎండడం నానెప్పుడూ సూడ్నేదు."

ఆయన అబద్ధమాడడం లేదని సోనికి అప్పుడు తెలిసింది. ఆయనే కాదు, వీళ్ళెవరూ చూడలేదు. చైత్రంలో అడవిలో ఉంటారు. వానలు పడేదాకా ఊట ఎండే ఉన్నా, తిరిగొచ్చాక వీళ్ళు ఊటకి పోరు, కుండ దగ్గరికి పోతారు. ఇంట్లో కుండ ఏ రోజూ ఖాళీగా లేదు గనక, ఊటలోనూ నీళ్ళున్నాయనుకున్నారు.

"పై ఊట నుంచెయ్యండి," అంది. "అది ఏ కాలంలోనూ ఎండదు."

"అక్కడి నుంచి కందకం ఎవులు తవ్వుతారే?" బుధు బెంచీ మీంచి లేచాడు. "రెండు నెల్లు పట్టుద్ది. నీకేటి తెలుసని నలుగుర్లో మాటాడతన్నావు?"

"నాను తవ్వుతాను."

అన్నది సోములమ్మ. ఇంటికెళ్ళాక అత్త ఏమంటుందోనని సోని అందరికన్నా ఆవిడకే భయపడుతూ కూర్చుంది. సోములమ్మ కొడుకు వైపు చూడకుండా చుట్ట ఆర్పింది. "నలబై ఏల్లు ఆ కొండ మీంచి మోసినాను. రెండు నెల్లు తవ్వలేనేటి? నా ఏలిముద్ర కూడా ఇవ్వను పొండి."

మిగతా ముగ్గురూ వేళ్ళు కొంగుల్లో దాచుకున్నారు. ఇంజనీరు కాగితం చూశాడు, ఆడవాళ్ళని చూశాడు. పెన్నుకి మూత పెట్టాడు. "సరే. చైత్రంలో వచ్చి రెండు ఊటలూ మళ్ళీ కొలుస్తాను. అప్పుడు చూపించడానికి ఎవరుంటారు?"

బెంచీలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. చైత్రమంటే వేట.

సోని లేచింది. చంకలో పాప బరువుగా నిద్రపోతోంది. భర్త దగ్గరికి వెళ్ళి, వాడని పెన్ను ఆయన జేబులో మళ్ళీ పెట్టింది.

"మావా, ఈ ఏడు నువ్వు ఏటకెల్లకు. సారుని ఊటకాడికి నువ్వే తీసుకెల్లు," అంది. "ఎల్లినప్పుడు బిందె కూడా ఒట్టుకెల్లు."