గడప బయట రెండు జతలు

నేను ఒక కిర్రుచెప్పును. కుడికాలిది. చచ్చిన గేదె తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టి, సుత్తితో బాది, ఆరెతో పొడిచి నన్ను పుట్టించారు. పలాస బజారులో నన్ను కుట్టిన దాలయ్య చివరి మేకు దిగ్గొట్టి, "తీసుకో రాజుబాబూ, ఈటితో కాశీ ఎల్పోవచ్చు. కరిస్తే మాత్రం నన్ను తిట్టకు, గేదిని తిట్టు" అన్నాడు.

కొన్నది జీడిపప్పు వ్యాపారి పైడిరాజు గారు. మంచి భక్తుడు. అరసవల్లి, శ్రీకూర్మం, సింహాచలం అన్నీ నా మీదే నడిచి వెళ్లారు. భక్తి సంగతి చెప్పులకు బాగా తెలుసు. లోపల కళ్లు మూసుకున్నవాడి మనసు సగం బయట మా మీదే ఉంటుంది.

తర్వాత సముద్రం దాటాం. దేశాల పేర్లు నాకు తెలియవు, నేల తెలుస్తుంది. అది ఉప్పు పట్టిన రాతి సందుల రేవు పట్టణం. బేరం మీద వెళ్లిన ఆయన వెంట భార్య సూరీడమ్మ కూడా వచ్చింది. అక్కడి గిడ్డంగిలో తూకం చూసే ముసలాయన నిస్సీం. యూదుడు. ఊళ్లో వాళ్లవి బహు కొద్ది ఇళ్లు. శుక్రవారం దీపం పెట్టుకునే చోటు లేదని సూరీడమ్మ దిగులుపడుతుంటే, "మా ఆడవాళ్లూ శుక్రవారం పొద్దుగూకకముందే దీపాలు పెడతారమ్మా. మా మందిరానికి రండి" అని పిలిచాడు. ఆయన వచ్చీరాని ఇంగ్లీషును పైడిరాజు గారు భార్యకు తెలుగులో చెప్పారు.

ఆ మందిరానికి బోర్డు లేదు. బయటికి మామూలు ఇల్లే. ఊరు కొన్నాళ్లుగా వాళ్ల మీద మండిపడుతోంది. ఒకరి దుకాణం అప్పటికే తగలబెట్టారు. అందుకే ఒక్కొక్కరుగా వచ్చి, తలుపులు మూసి, గొంతు తగ్గించి ప్రార్థన చేసుకుంటున్నారు.

గుమ్మంలో ఆలుమగలు చెప్పులు విడిచారు.

"వేసుకునే రండి. మేమంతా బూట్లతోనే ఉంటాం" అన్నాడు నిస్సీం.

"ఏటండీ, దేవుడింట్లో బూట్లేటి!" సూరీడమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఊరుకో. ఆల దేవుడు, ఆలిష్టం."

"పోనీ చేత్తో పట్టుకుని తెచ్చుకోండి. బయట మాత్రం వద్దు" అని నిస్సీం బతిమాలాడు.

ఆమె చెంపలేసుకుంది. "సెప్పులు సేత్తో పట్టుకుని దేవుడి ముందుకా? ఇంకేటైనా ఉందా!"

అతిథుల మాట కాదనలేక నిస్సీం తలుపు వేశాడు. గడప బయట మేము రెండు జతలం మిగిలాం.

గుంపు వచ్చింది. కర్రలు, ఇనుప కడ్డీలు. మూల మీద ఒక యూదుడి రొట్టెల కొట్టు అద్దాలు పగిలాయి. అడ్డం వచ్చిన కొట్టు యజమానిని రాళ్ల మీద పడగొట్టారు. పడ్డవాణ్ణీ తన్నారు. అతను కదలడం మానేశాకా తన్నారు. అతని నెత్తురు రాళ్ల సందుల్లోంచి పారి నా అడుగుకు తగిలింది. మూసిన ఇళ్లన్నీ ఖాళీవే అనుకుని దాటిపోతున్న గుంపులో ఒకడు మా దగ్గర ఆగాడు. నన్ను కాలితో ఎగదన్ని, "ఇక్కడున్నారు!" అని అరిచాడు. కడ్డీ తలుపు మీద పడింది.

తలుపు తెరుచుకుంది. పైడిరాజు గారు ఒక్కరే వట్టి కాళ్లతో బయటికి వచ్చారు. ఎదురెళ్లబోయిన నిస్సీంను, మిగతావాళ్లను మందిరంలో అడ్డంగా కట్టిన తెర వెనక్కి తోసి వచ్చారని తర్వాత విన్నాను.

గుంపులో ఒకడికి హిందీ వచ్చు. దుబాయిలో పనిచేసినవాడు. "లోపల ఎంతమందిరా?" అన్నాడు.

"ఇద్దరం. నేనూ, నా భార్యా. ఇల్లు అద్దెకు తీసుకున్నాం. పూజ చేసుకుంటున్నాం."

వాడు తొంగి చూశాడు. దీపాల ముందు చీర, బొట్టు, జోడించిన చేతులు. తర్వాత మా వైపు చూశాడు. "నిజమే. వీళ్లు బయటే విప్పుతారు, దుబాయిలో చూశాను. ఎంతమందో అన్ని జతలు. ఏదీ, తొడుగు!"

ఆయన పాదం నాలో ఒదిగింది. నమ్మారు. కానీ ఎత్తిన కడ్డీని ఊరికే దించడం మనుషులకు చిన్నతనం. అది ఆ పాదం మీదే దిగింది. ముందు నా పట్టీ తెగింది, తర్వాత ఎముకలు విరిగాయి. మళ్లీ కొట్టారు. పాదం ముద్దయ్యేదాకా కొట్టారు.

"అమ్మా!" అని ఆయన అరిచిన అరుపు సందంతా విన్నది. సూరీడమ్మ దీపాల ముందు నుంచి కదల్లేదు. ఆమె కదిలితే తెర వెనకున్నవాళ్లూ కదులుతారు. మొగుడి కేక వాళ్లకు వినపడకుండా అమ్మవారి నామాలు గొంతు చించుకుని చదివింది. గుంపు నవ్వుకుంటూ పోయింది.

రొట్టెల కొట్టు యజమాని బతకలేదు. పైడిరాజు గారి కుడిపాదం తీసేశారు. ఎడమజోడు ఆయనతో పలాస వెళ్లింది. చిరిగిన పవిత్ర గ్రంథాలను యూదులు పారేయరు, ఒక గూట్లో దాచిపెడతారు. నిస్సీం నన్నూ అందులోనే పెట్టాడు. "తోలు చెప్పునా, గ్రంథాల పక్కనా?" అని ఆయన భార్య ఫోర్తునా ఇప్పటికీ గొణుగుతుంది. ఆమెది తప్పనీ అనలేను.

ఆ గూట్లో నాకు ఆసుపత్రి మాటలే గుర్తొస్తుంటాయి. నిస్సీం నన్ను కడిగి పట్టుకెళ్లిన రోజు పైడిరాజు గారు, "దేవుడి గుమ్మంలో అబద్ధమాడేశాను. మీ దేవుడేటంటాడో" అన్నారు.

"ఏమంటాడు? ఆయన కూడా మాతోపాటు తెర వెనకే దాక్కున్నాడు" అన్నాడు నిస్సీం.

భర్త తెలుగులో చెప్పగా విని సూరీడమ్మ కళ్లు తుడుచుకుంది. "దాక్కుంటే దాక్కున్నాడు గానీ అన్నయ్యగారూ, ఆ కడ్డీనైనా సిటికినేలుతో ఆపొచ్చు కదా!"

పైడిరాజు గారు ఆ మాట ఇంగ్లీషులో చెప్పారు. నిస్సీం నన్ను ఒళ్లో పెట్టుకుని తుడుస్తూనే ఉన్నాడు.