అతిథి అన్నచోట

మధ్యాహ్నం రెండింటికి నా సిద్ధాంత గ్రంథాన్ని డిపార్ట్‌మెంట్ గోడకి మేకుతో కొట్టాలి. స్వీడన్‌లో డాక్టరేట్ పరీక్షకి మూడు వారాల ముందు జరిగే తంతు ఇది. మేకు దిగిందంటే పుస్తకం లోకానిదైపోతుంది. ఆ తర్వాత అందులో అక్షరం మార్చడానికి లేదు.

ఉదయం పదింటికి, పరీక్షలో చూపించడానికి ఖాళీ పంజరం బొమ్మ ఒకటి కావలసివచ్చింది. పంజరమంటే నేను నాలుగేళ్లుగా తయారుచేస్తున్న అణువు. దాని లోపల కాస్త ఖాళీ ఉంటుంది. అందులోకి మరో చిన్న అణువు వచ్చి కూర్చుంటే దాన్ని అతిథి అంటాం. నా అతిథిలో సిలికాన్ ఉంది. అది లోపలికి వెళ్లినప్పుడు, యంత్రం గీసే గీతలో మామూలుగా ఏమీ రాని చోట ఒక శిఖరం లేస్తుంది. నా నాలుగో అధ్యాయమంతా ఆ శిఖరమే. "ఆ పంజరాన్నే పెళ్లి చేసుకో" అని, నాతో కలిసి ఉంటున్న మాట్స్ సామాను సర్దుకుని వెళ్లిపోయాడు, అదీ దాని మూలంగానే.

ఖాళీ పంజరం బొమ్మ పాతది ఉంది గాని, నాకంటే ముందు పనిచేసినవాళ్లు తీసింది, మసకగా ఉంది. యంత్రంలో కొత్తది తీశాను. అతిథిని వెయ్యలేదు. అయినా అదే చోట శిఖరం లేచింది.

యంత్రాన్ని చూసుకునే ఇవార్‌ని పిలిచాను. ఈ వేసవికి రిటైరయ్యే మనిషి. కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టి చాలాసేపు చూశాడు.

"సీసాల మూతలకి గ్రీజు రాస్తావా?"

"రాస్తాను. పిసినారితనం చెయ్యకు, దట్టంగా పుయ్యి అని నువ్వేగా నేర్పావు."

"అయితే ఇది గ్రీజే అమ్మాయ్. దాన్లోనూ ఉండేది సిలికానే. పిలవని పేరంటానికొచ్చి పీటేసుక్కూచుంది." కళ్లద్దాలు కిందికి దించుకుని అన్నాడు. "పుస్తకంలో నాకు థాంక్స్ రాశావు చూడు, గ్రీజుక్కూడా రాయాల్సింది."

ఏడుపు రావాలి. రాలేదు. కాఫీ చల్లారిపోయిందని మాత్రం గమనించాను.

మా ప్రొఫెసర్ యోర్దిస్ గదికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. బయట మంచు ఊడ్చే బండి ఒకటి ఉన్నచోటే తిరుగుతోంది.

"వాయిదా వెయ్యి," అంది.

"ఫిబ్రవరితో నా జీతం ఆగిపోతుంది. మళ్లీ తేదీ దొరికేసరికి శరదృతువు వస్తుంది. పుస్తకం అచ్చయిపోయింది, తప్పుల చీటీ పెడతాను."

"తప్పుల చీటీలో అచ్చుతప్పులు రాస్తారు టోరా, అధ్యాయాలు కాదు. కొరివితో తల గోక్కుంటానంటున్నావు. నిన్ను పరీక్షించడానికొచ్చే పెద్దాయన మొట్టమొదట అదే చదువుతాడు."

"చదవనీ. మిగతా మూడు అధ్యాయాలూ నిజమే కదా."

"దానిమీద నా పేరు కూడా ఉంది," అంది యోర్దిస్. ఆమె చేతిలోని కాగితం తీసుకుని వచ్చేశాను.

చీటీకి ఒక్క వాక్యం చాలింది. "నాలుగో అధ్యాయంలో 'అతిథి' అన్న ప్రతిచోటా 'గ్రీజు' అని చదువుకోగలరు."

రెండింటికి అందరూ వచ్చారు. ఆకుపచ్చ కేకు బల్ల మీద ఉంది. పుస్తకం అట్ట మీద చీటీ పెట్టి, రెండింటికీ కలిపి మేకు ఆనించాను. మొదటి దెబ్బ నా బొటనవేలి మీద పడింది. రక్తం కనబడింది గాని నొప్పి తెలియలేదు. ఇంకో మూడు దెబ్బలకి మేకు దిగింది.

చప్పట్లు కొట్టబోయినవాళ్లు చీటీ చదివి చేతులు దించేసుకున్నారు. కేకు వైపు కూడా ఎవరూ కదల్లేదు. ఇప్పుడైనా సిగ్గు వేస్తుందేమోనని చూశాను. అదీ లేదు.

యోర్దిస్ గుంపులోంచి ముందుకొచ్చింది. చీటీని పీకేస్తుందనుకున్నాను. జేబులోంచి పెన్ను తీసి, చీటీ కింద నా పేరు పక్కన తన పేరు రాసింది.

"నాలుగేళ్లూ ఆ బొమ్మలు నేనూ చూశాను," అంది అందరికీ వినబడేలా. తర్వాత నాతో, మామూలు గొంతుతో అంది. "ఆ పెద్దాయనకి నేనే ఫోన్ చేస్తాను. మూడు వారాలాగి నిన్ను నమిలి ఉమ్మేస్తాడు. పక్కనే కూచుంటాలే. ఆ వేలికి ఏదైనా కట్టు."

అప్పుడు నొప్పి పుట్టింది. వేలు పట్టుకుని, అందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చాను.