బఠాణీల కిరీటం

స్కాట్లాండ్‌లోని డండీలో మా వీధివాళ్ళకు కవిత్వం రాదు. ఏటా ఒక సాయంత్రం దాన్నే పండగ చేసుకుంటాం. ఎప్పుడో పోయిన మా ఊరి పరమ చెత్త కవి ఎబెనీజర్ టాష్ పేరు మీద విందు. ఆయన గౌరవార్థం అన్నీ తలకిందులే: ముందు కాఫీ, కేకు, చివర్న సూపు. కవిత ఎంత ఘోరంగా ఉంటే కవి మీద అన్ని ఉడికించిన బఠాణీలు పడతాయి. ఎక్కువ పడ్డవాళ్ళకి తగరపు కిరీటం. అప్పటికప్పుడు ఎవరైనా లేచి అంతకన్నా దరిద్రంగా కవితలోనే జవాబు చెబితే, కిరీటం వాళ్ళదైపోతుంది.

దానికోసం నేను ఏళ్ళ తరబడి కొట్టుకుపోతున్నాను. బేకరీలో పిండి పిసుకుతూ చచ్చు ప్రాసలు ఏరుకుంటాను. ఈసారి ఉల్లిపాయ మీద విలాపం చదివాను. జనం చప్పట్లు కొట్టారు! ఒళ్ళు మండిపోయింది.

"మరీ తెలివిగా ఉందమ్మా ఎల్స్‌పెత్, ఏం చేస్తాం!" అన్నాడు అధ్యక్షుడు డూగల్ జాలిగా.

తర్వాత నినియన్ లేచాడు. పడవలకు రంగులేస్తాడు. భార్య పోయి చాన్నాళ్ళయింది. రోజూ నా కొట్టుకొచ్చి, వాన గురించి నాలుగు ముక్కలు మాట్లాడి పోతాడు. ఎన్నడూ స్టేజీ ఎక్కిన మనిషి కాదు. జేబులోంచి కాగితం తీసి చదివాడు.

"ఓ ఎల్స్‌పెత్! నా ఇంట్లో కుర్చీలున్నవి నాలుగు,
నా మోకాలు ఒకటి నొప్పి, రెండోది మాత్రం బాగు.
నన్ను నువ్వు పెళ్ళాడితే ఎంతో మేలు,
పెళ్ళాడకపోయినా నీ దగ్గరే కొంటాను రొట్టెలు."

హాలంతా నోరెళ్ళబెట్టింది. ఆపైన బఠాణీల వాన!

"చంపేశాడ్రా బాబూ!"

"టాష్ మళ్ళీ పుట్టాడ్రోయ్!"

నినియన్ మాత్రం ఆ వానలో నావైపే చూస్తూ నిలబడ్డాడు.

"అన్యాయం! ఈయన మనసులో మాట నిజంగానే రాశాడు!" అని అరుస్తూ లేచాను. నోరు దానంతటదే కదిలింది.

"ఓ నినియన్! నీ కవిత వింటే ఒళ్ళంతా మంట,
మంటల్లో ఏడుపు కూడానా, ఇదేం తంటా!
నీ మోకాలికి కాచి రాస్తాను నూనె,
కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది నేనే."

బఠాణీలు అయిపోయి జనం గరిటెలే విసరడానికి ఎత్తారు. డూగల్ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కిరీటం తెచ్చి నా నెత్తిన పెట్టాడు. నాది! నా కిరీటం! ఎగిరి గంతేశాను.

నినియన్ దగ్గరికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఎల్స్‌పెత్, ఆ మాట నాకోసం అన్నావా, కిరీటం కోసమా?" అన్నాడు మెల్లగా.

పిచ్చి మనిషి! కిరీటం ఊడబీకి ఆయన నెత్తిన బోర్లించాను. అది ముక్కుదాకా దిగిపోయింది.

"ఇప్పుడు చెప్పు, దేనికోసమో!" అన్నాను.